షోరూంలో పదిహేడు రోజులు

అమ్మాయి ఇల్లు, మేడ మీద గది
జూన్ 3

గౌరవనీయులైన బావమరిది గారికి,

మీరు క్షేమమని తలుస్తాను. నా క్షేమం మీకు పట్టదని తెలుసు కాబట్టి ఆ సంగతి రాయను.

నేను ఫోను ఎత్తడం లేదని మీ అక్క దగ్గర వాపోయారట. నాకు గొంతులో గొట్టం పెట్టి తీశారు. రెండు నెలలు గొంతు పెంచొద్దన్నారు. గొంతు పెంచకుండా మీతో మాట్లాడటం నా వల్ల కాదు. అందుకని ఉత్తరం.

ఇరవై ఆరేళ్ళుగా మన షాపు బోర్డు మీద "బావ – బావమరిది టైలర్స్" అని ఉంది. కత్తెర నాది, మిషను మీది. ఇక ఆ బోర్డు మీద "బావ" అన్న మాట చెరిపించండి. మిగిలినదాంతో మీరే ఊరేగండి.

కారణం మీకు తెలుసు. అయినా తెలియనట్టు మొహం పెడతారు కాబట్టి రాస్తున్నాను. మీరు నన్ను ఆ పెద్ద బట్టల షోరూంలో బొమ్మగా అప్పగించి వచ్చారు. మన షాపు ముందు చెయ్యి విరిగిన బొమ్మ ఉంది కదా, దాన్ని ఇచ్చేసి కొత్తది తెచ్చుకుందామని మూడేళ్ళుగా నా ప్రాణం తోడేస్తున్నారు. నేను ఒప్పుకోలేదు. చివరికి దాని బదులు నన్నే ఇచ్చేశారు.

అక్కడ జరిగినదంతా నాకు పూసగుచ్చినట్టు గుర్తుంది. మణికట్టుకి నంబరు చీటీ కట్టారు. రోజుకి రెండుసార్లు బట్టలు మార్చారు. అవి వెనక గుండీలు కూడా లేకుండా నాడాలతో ముడేసేవి, అంత నాసిరకం కుట్టు నేను జన్మలో చూడలేదు. మడత పడకుండా రెండు గంటలకోసారి ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తిప్పారు. తల దగ్గర బిల్లు మిషను ఆగకుండా కుయ్ కుయ్ మంటూనే ఉండేది, బేరాలు బాగానే సాగుతున్నట్టున్నాయి. బొమ్మ మాట్లాడకూడదని నోట్లో గొట్టం పెట్టారు. నీలం బట్టల సూపర్‌వైజరమ్మ ఒకావిడ వచ్చి కళ్ళలో టార్చి వేసి "ఇవాళ కాస్త నయం" అనేది. రంగు వెలుస్తోందేమో చూస్తోందని నాకు తెలియదా?

అదంతా ఓర్చుకున్నాను. మీరు రోజూ సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుని, నా కొలతలు వాళ్ళకి చదివి వినిపించడం మాత్రం ఓర్చుకోలేను. చివరికి నా మెడకి టేపు కూడా వేశారు. పరాయివాళ్ళు చేస్తే సరేననుకుందును. మీరు చేశారు.

ఇట్లు,
ఒకప్పటి మీ బావ

~

షాపు, మిషను బల్ల
జూన్ 9

బావా,

"మీరు" అని చూడగానే ఇంకెవరి ఉత్తరమో నాకొచ్చిందేమోనని కవరు రెండుసార్లు తిప్పి చూశాను. మా పెళ్ళికి శుభాకాంక్షలు రాసినప్పుడు కూడా నువ్వు నన్ను "ఒరేయ్" అనే సంబోధించావు. మా మామగారు ఆ కార్డు చూసి ఇంకో సంబంధం ఉందేమోనని ఆలోచించారు కూడా. అప్పుడు పోని పరువు ఇప్పుడు పోయింది.

నువ్వు ఉన్నది షోరూం కాదు బావా, ఆస్పత్రి. ఐసీయూ. మొదట దగ్గు మొదలైంది. బట్టల దుమ్మేలే అన్నావు. ఐదో రోజు కోటు గుడ్డ మీద సుద్దగీత గీస్తూ గీస్తూ బల్ల మీదే ఒరిగిపోయావు. నిమోనియా, రెండు ఊపిరితిత్తులూ నిండిపోయాయి అన్నారు. అంబులెన్సులో కూడా నువ్వు కత్తెర వదల్లేదు. నీ వేళ్ళలోంచి దాన్ని తియ్యడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. ఆ తర్వాత పదిహేడు రోజులు మత్తులో ఉంచి మిషనుతో ఊపిరి ఆడించారు. నంబరు చీటీ పేషెంట్లందరికీ కడతారు. పక్కలు తిప్పింది వీపు పుండు పడకుండా. ఆ కుయ్ కుయ్ నీ గుండెదే. టార్చి సంగతి డాక్టర్లకే తెలియాలి గాని, నీ రంగు మాత్రం వెలవలేదు.

మెడకి టేపు వేశానన్నావు. నేనెందుకు వేస్తాను? అది మత్తులో వచ్చిన కలే అయ్యుంటుంది. మనసులోంచి తీసెయ్యి.

షాపు బ్రహ్మాండంగా నడుస్తోంది. స్కూలు యూనిఫారాలు సగం పైగా అయిపోయాయి. నువ్వేం బెంగ పెట్టుకోకు. బోర్డు జోలికి నేను వెళ్ళను. ఆ పెయింటరు ఇదివరకు "టైలర్స్" అన్న మాటే మూడుసార్లు దిద్దాడు.

నీ
బామ్మర్ది

~

అమ్మాయి ఇల్లు, మేడ మీద గది
జూన్ 16

బావమరిది గారికి,

మీ అక్క ఆస్పత్రి అంటోంది. అమ్మాయి ఆస్పత్రి అంటోంది. ఏ విషయంలోనూ మా అమ్మాయితో ఏకీభవించని అల్లుడు కూడా ఆస్పత్రే అంటున్నాడు. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండటం అమ్మాయి పెళ్ళయిన ఈ ఎనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి. అందుకే నాకు అనుమానం.

సరే, ఆస్పత్రే అనుకుందాం. ఆస్పత్రిలో కొలతలెందుకు? "ఛాతీ ముప్పై ఎనిమిది, నడుము ముప్పై ఆరు, ఎడమ భుజం కాస్త దిగువ" అని మీ గొంతే అంది. వెయ్యి మందిలో ఉన్నా ఆ గొంతు గుర్తుపడతాను, పడిశం పట్టిన గొంతు. పైగా నా ఎడమ భుజం దిగువ కాదు. ఇరవై ఆరేళ్ళు నా పక్కన నిలబడిన మనిషి నా భుజం మీద వాళ్ళకి లేనిపోని చాడీ చెప్పాడు.

ఇంకొకటి. నన్ను అక్కణ్ణించి పంపించిన రోజు మీరు వచ్చారు. నా కళ్ళలోకి చూడలేదు. ఒళ్ళో సంచి ఒకటి గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. దాంట్లోంచి ఒక చెయ్యి వేలాడుతుండగా చూశాను. చూస్తున్నానని తెలిసి గబుక్కున లోపలికి తోశారు. కొత్త బొమ్మ చెయ్యి కాక ఇంకేమిటది?

మీరు రోజూ వచ్చారే, ఒక్కసారి కూడా "బావా" అని పిలవలేదు. అంకెలు చదివి వెళ్ళిపోయారు. నేను ఎదురుచూశాను. అది మీకు తెలియదు.

ఇట్లు,
బావ

తా.క. ఒరేయ్ తమ్ముడూ, నేను అక్కని. కవరు అంటించమంటే విప్పి రాస్తున్నాను. ఈయన వరస ఏం బాగోలేదు. అద్దాల కిటికీ పక్కన నిలబడమంటే నిలబడరు, ఎవరైనా కొంటారట. అమ్మాయి కుట్టుపెట్టెలో టేపు చూసి బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నారు. నాకు నవ్వొస్తుంది, అంతలోనే ఏడుపొస్తుంది. నీకు తెలిసింది ఏమైనా ఉంటే దాచకుండా రాయి.

~

షాపు, మిషను బల్ల
జూన్ 27

బావా,

నువ్వు ఎదురుచూశానన్న మాట చదివాక మిషను మీంచి లేచిపోయాను. మర్నాడే ఆస్పత్రికి వెళ్ళాను.

నీ సూపర్‌వైజరమ్మని కలిశాను. ఆవిడ అక్కడ పెద్ద నర్సు. షోరూం సంగతి చెప్తే ఆవిడ కుర్చీలో కూలబడి నవ్వింది, ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, "మీ బావగారొక్కరే కాదండీ" అంది. ఐసీయూలో ఉండి వెళ్ళినవాళ్ళకి ఇంటివాళ్ళు వచ్చి పలకరించింది చాలామందికి గుర్తుండదట. మత్తులో చూసినవి మాత్రం రాతిమీద చెక్కినట్టు ఉండిపోతాయట. అలాంటివాళ్ళు నెలనెలా నాలుగో శనివారం అక్కడే ఒక గదిలో కూడి, టీ తాగుతూ ఎవరి కథ వాళ్ళు చెప్పుకుంటారట. నన్నూ కూర్చోబెట్టింది.

ఒక హెడ్‌మిస్ట్రెస్ ఉంది. తను ఫెయిల్ చేసిన పిల్లలే నర్సులై వచ్చి, మళ్ళీ పేపర్లు దిద్దకుండా తన చేతులు మంచానికి కట్టేశారని ఆవిడ నమ్మకం. ఇప్పటికీ పెద్ద నర్సుని ఎక్కాలు అప్పచెప్పమంటోంది. ఒక బ్యాంకు క్యాషియరు పన్నెండు రోజులు జలాంతర్గామిలో ఉన్నాడు. అది నిజం కాదని ఒప్పుకున్నాడుగాని, తన సాక్సు ఎందుకు తడిశాయో ఎవరూ చెప్పలేకపోతున్నారని ఇంకా అడుగుతున్నాడు. ఒక సంగీతం మాస్టారు ఉన్నాడు. ఆయనకి ఏ భ్రమలూ లేవు, ఏడో మంచం దగ్గర మిషను అపశ్రుతిలో కూసిందని మాత్రమే ఫిర్యాదు. అది నిజమేనని, రిపేరు చేయించామని నర్సు చెప్పింది. నీ కథ నేనే చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. క్యాషియరు కాస్త కుళ్ళుకున్నాడు కూడా.

ఇప్పుడు అసలు సంగతి. అక్కడ ప్రతి మంచానికీ ఒక నోటుపుస్తకం ఉంటుంది. పేషెంటుకి తెలియకుండా గడిచిన రోజులు తర్వాత తెలియాలని నర్సులు రోజూ నాలుగు ముక్కలు రాస్తారు. నీదాంట్లోంచి రెండు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"మూడో రోజు. బావమరిదిగారు వచ్చారు. ఏదో ఒకటి మాట్లాడండి, మీ గొంతు వినబడితే ఆయనకి మంచిది అన్నాం. పావుగంట నిలబడి, 'ఫ్యాను బాగా తిరుగుతోంది' అని వెళ్ళిపోయారు."

"నాలుగో రోజు. బావమరిదిగారు లావు పుస్తకం ఒకటి తెచ్చుకుని తలవంచుకుని చదివారు. ప్రార్థన అనుకుని మేమంతా నిశ్శబ్దంగా ఉన్నాం. దగ్గరికి వెళ్తే నడుము నలభై రెండు అంటున్నారు."

అది మన కొలతల పుస్తకం బావా. మనిద్దరం ఇన్నేళ్ళలో కొలతలు తప్ప ఏం మాట్లాడుకున్నాం? నువ్వు టేపు పట్టి చెప్తావు, నేను రాసుకుంటాను. నువ్వు అలా పడుంటే చూస్తూ "బావా" అని మొదలుపెడితే ఏడుపు వచ్చేది. నడుము, ఛాతీ అని మొదలుపెడితే రాలేదు. అందుకని నువ్వు నాకు చెప్పినవే నీకు తిరిగి చెప్పాను. రోజుకి పదిమంది చొప్పున పుస్తకం అయిపోయింది. మళ్ళీ మొదటినుంచి చదివాను.

టేపు ఊసు మాత్రం పుస్తకంలో ఎక్కడా లేదు. సంచిలో ఉన్నది బ్రెడ్డు.

నీ
బామ్మర్ది

~

అమ్మాయి ఇల్లు, మేడ మీద గది
జూలై 5

బావమరిదికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎడమ భుజం దిగువ పోస్ట్‌మాన్‌ది. సంచి మోసి మోసి అలా అయింది, ఖాకీ చొక్కా కుట్టినప్పుడు నేనే చెప్పాను నీకు. నడుము నలభై రెండు మన వీధి పళ్ళ డాక్టరుది. అంకె వినగానే మనిషి గుర్తొచ్చేవాడు నాకు, ఇప్పుడు కాగితం మీద చూసేదాకా రాలేదు. నన్ను వాళ్ళకి అప్పగిస్తున్నావనుకున్నాను. నువ్వు ఊరందరినీ తెచ్చి నా మంచం చుట్టూ నిలబెట్టావు. తప్పు నాది. షోరూం అబద్ధం, బొమ్మ అబద్ధం. నిన్న కిటికీ పక్కన నిలబడ్డాను కూడా. ఎవరూ కొనలేదు.

అయితే ఒక్కటి మింగుడు పడటం లేదు. మిగతావన్నీ కలలాగే ఉన్నాయి, ఆలోచిస్తే అంచులు చెదిరిపోతున్నాయి. టేపు అలా కాదు. చల్లగా మెడ చుట్టూ వచ్చింది. చివరి ఇత్తడి ముక్క గొంతు దగ్గర తగిలింది. రెండు వేళ్ళు లోపల పెట్టి వదులు చూశారు, నేను నేర్పినట్టే. నువ్వు వెయ్యలేదంటున్నావు. పుస్తకంలో లేదంటున్నావు.

నువ్వు నాతో అబద్ధమాడవు. కాబట్టి నా బుర్రే పాడైంది. ఒంటికి తగిలి తెలిసినదాన్ని కూడా నమ్మలేనివాడు గుడ్డ మీద కత్తెర ఎలా పెడతాడు చెప్పు. మొన్న అమ్మాయి దిండు గలేబుకి గీత గియ్యమంటే, కొలిచిందే ఐదుసార్లు కొలిచి, నమ్మకం కుదరక వదిలేశాను. భయం వేసింది. ఇలా ఎప్పుడూ భయపడలేదు.

అందుకని కోపంతో కాదు, ఆలోచించే రాస్తున్నాను. కత్తెర నువ్వే ఉంచుకో. నేను ఇక షాపుకి రాను.

బావ

~

షాపు, మిషను బల్ల
జూలై 11

బావా,

కత్తెర నేను ఉంచుకోవడమంటే ఏమిటో నీకు తెలియక రాశావు. చదువు, తెలుస్తుంది.

టేపు నిజం. వేసింది నేనే. ఒకసారి కాదు, మూడుసార్లు. ఇత్తడి ముక్క నిజం, రెండు వేళ్ళు నిజం. నీ బుర్ర నిక్షేపంలా ఉంది. పాడైంది నాది. పుస్తకంలో దాని గురించి ఉన్న పేజీ నీకు రాయకుండా దాటేశాను. ఇప్పుడు రాస్తున్నాను.

"తొమ్మిదో రోజు. బావమరిదిగారు జేబులోంచి టేపు తీసి పేషెంటు మెడ కొలవడానికి అనుమతి అడిగారు. ఎందుకన్నాం. ఇంటికి వెళ్ళేరోజుకి చొక్కా కుడతానన్నారు. టేపు స్పిరిట్‌తో తుడిచి ఇచ్చాం."

ఆ రోజు పొద్దున డాక్టరు నన్నూ అక్కనీ పక్కకి పిలిచి, ఇక చెప్పలేం అన్నాడు. అక్క గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. నాకు చొక్కా తప్ప ఏమీ తోచలేదు. చొక్కా మొదలుపెడితే, అది తొడుక్కునే మనిషి లేవాలి కదా అనిపించింది. నీ కాలర్ పదిహేనున్నర. ఆ రోజు పద్నాలుగు ముప్పావు వచ్చింది. పదమూడో రోజు పద్నాలుగుంపావు. ఆ అంకె నేను అక్కకి కూడా చెప్పలేదు. పదిహేనో రోజు మళ్ళీ వేశాను. పద్నాలుగున్నర. పావు అంగుళం పెరిగావు. నేను పెద్ద నర్సు దగ్గరికి పరిగెత్తి టేపు చూపించాను. ఆవిడ ఇది నీరు అయినా కావచ్చు అంది గాని, నేను వినిపించుకోలేదు. ఆ వరండాలో కూర్చుని పెద్దగా ఏడ్చేశాను. పావు అంగుళానికి అంత ఏడుపు ఏమిటని జనం చూశారు.

ఇంక సంచి. దాంట్లో బ్రెడ్డు లేదు. నువ్వు చూసిన చెయ్యి ఆ చొక్కా చెయ్యి. నీకు ఇద్దామనే తెచ్చాను, మొహం చెల్లక ఇవ్వలేదు. కారణం చెప్తే నవ్వకు. ఇరవై ఆరేళ్ళుగా నువ్వు నన్ను కత్తెర ముట్టుకోనివ్వలేదు. బల్ల మీద ముక్కలు పెడతావు, నేను కుడతాను. ఆ చొక్కాకి ముక్కలు ఎవరు పెడతారు? నేనే కత్తిరించాను. గుడ్డ రెండు మడతలు వేసి రెండు చేతులూ ఒకేసారి కత్తిరించాలని నాకు తెలుసు. మడత వేస్తే ఒకటి తప్పితే రెండూ తప్పుతాయని, జాగ్రత్త కోసం విడివిడిగా కత్తిరించాను. మొదటిది బాగా వచ్చింది. అంత బాగా వచ్చింది కదాని దాన్నే మళ్ళీ గుడ్డ మీద పరిచి, తిరగెయ్యకుండా రెండోది కత్తిరించాను. కుట్టేశాక చూస్తే రెండూ ఎడమ చేతులే. గుడ్డ మిగల్లేదు.

బావా, చావుదాకా వెళ్ళొచ్చిన మనిషికి రెండు ఎడమ చేతుల చొక్కా ఎలా ఇవ్వను? అందుకని ఆ చొక్కా సంగతే దాచాను. చొక్కా దాచాక టేపు కూడా లేదనాల్సి వచ్చింది. నా పరువు కోసం నీ బుర్రకి వంక పెట్టాను. ఇది రాస్తుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. షాపు బ్రహ్మాండంగా నడవడం లేదు, అసలు నడవడమే లేదు. యూనిఫారాల గుడ్డ తానులు తానులుగానే ఉంది. హెడ్మాస్టరు రెండుసార్లు వచ్చాడు, ఆయన్ని చూసి రెండుసార్లూ బల్ల కింద దూరాను. రెండోసారి ఆయన వంగి చూశాడు. నేను మిషను మీద కూర్చుని ఖాళీగా పెడల్ తొక్కుతుంటాను, పక్కవాళ్ళకి పని జరుగుతున్నట్టు వినబడాలని.

చొక్కా పార్సిల్ చేశాను. తిట్టు. "ఒరేయ్" అని తిట్టు.

నీ
బామ్మర్ది

~

అమ్మాయి ఇల్లు, మేడ మీద గది
జూలై 22

ఒరేయ్,

చొక్కా అందింది. వెంటనే తొడిగాను. ఎడమ చెయ్యి లక్షణంగా ఉంది. కుడి చెయ్యి చంకలో పట్టేసి, కఫ్ తిరగబడి, చెయ్యి దానంతటదే వెనక్కి పోతోంది. కాఫీ కప్పు అందుకుందామంటే వెనకాల ఉన్న అల్లుడి కడుపులో పొడిచాను. కాలర్ గుండీ పెట్టలేకపోయాను. పద్నాలుగున్నర నాకు చాలదు, మళ్ళీ పదిహేను దాటాను. నవ్వి నవ్వి దగ్గొచ్చి, దగ్గి దగ్గి కళ్ళనీళ్ళొచ్చాయి. ఆస్పత్రి నుంచి వచ్చాక నవ్వడం ఇదే మొదలని మీ అక్క ఫొటో తీసింది. ఆ ఫొటో షాపులో పెట్టావంటే చంపేస్తాను.

కుట్టు మాత్రం చాలా బాగుందిరా. కాజా ఒక్కటి కూడా వంకర లేదు. నన్ను మిషను మీద బతికించి ఉంచుతున్నప్పుడు నువ్వు నీ మిషను మీద కూర్చుని ఇది కుట్టావు. దీన్ని నేను విప్పనివ్వను. ఇంట్లో ఇదే వేసుకుని తిరుగుతున్నాను, కుడి పక్క ఎవరూ రావద్దని అందరికీ చెప్పి.

టేపు నిజమని చదివిన రోజు అమ్మాయి కత్తెరా, పాత న్యూస్‌పేపర్లూ అడిగాను. చెయ్యి ఇంకా వణుకుతోంది. మూడు కాగితాలు పాడుచేశాను. నాలుగోది దీంతో పంపుతున్నాను. కుడి చెయ్యి, యూనిఫారం చొక్కాది, పదేళ్ళ పిల్లల సైజు. పట్టి చూడు. ఒక్కసారే కొలిచాను.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. సోమవారం షాపు తెరుద్దాం. హెడ్మాస్టరుకి కబురు పెట్టు, బల్ల కిందనుంచి కాకుండా. నాలుగో శనివారం టీకి నన్ను తీసుకెళ్ళు, నా కథ నువ్వు సగం తప్పు చెప్పుంటావు. ఆ క్యాషియరు సాక్సు సంగతి కూడా నాకు తేల్చుకోవాలని ఉంది. నేను వచ్చేదాకా కత్తెర ముట్టుకోకు.

ఇంకొక్క పని. ఆ చెయ్యి విరిగిన బొమ్మని మనం ఎప్పటికీ మార్చడం లేదు. నేను వచ్చేదాకా దాన్ని లోపలికి తెచ్చి, రోజూ సాయంత్రం దాని పక్కన కూర్చుని కాసేపు కొలతలు చదువు. అది నీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

నీ
బావ